చీటీలో ఏ మందు వస్తే అది

సిజేరియన్ టేబుల్ మీద వెన్నులో మత్తు ఇచ్చి పడుకోబెట్టిన రెండు మూడు నిమిషాలకు చాలామంది తల్లులు ఒకటే మాట అంటారు: "మేడమ్, ఏదోలా ఉంది." కొందరు కడుపులో తిప్పుతోందంటారు, కొందరు ఊపిరాడట్లేదంటారు. మానిటర్ వైపు చూడకుండానే తెలిసిపోతుంది, బీపీ పడిపోతోందని. వెన్నులోకి వెళ్లిన మందు నొప్పిని మోసే నరాలతో పాటు రక్తనాళాలను బిగువుగా ఉంచే నరాలను కూడా మొద్దుబారుస్తుంది. నాళాలు వదులైపోయి రక్తం కాళ్ల వైపు నిలిచిపోతుంది. బిడ్డ ఇంకా లోపలే ఉంటుంది కాబట్టి ఆ కాసేపూ ఇద్దరికీ గండమే.

ఎనస్థీషియాలో ఎండీ మొదటి ఏడాది మేం ఈ బీపీని లేపడానికి ఎక్కువగా ఫినైలెఫ్రిన్ ఇచ్చేవాళ్లం. ఇచ్చిన నిమిషంలోపే బీపీ లేస్తుంది, కానీ గుండె వేగం తగ్గుతుంది. తొంభైల్లో ఉన్న పల్స్ యాభైల్లోకి జారడం మొదటిసారి చూసినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. 2015లో హాంకాంగ్‌లో న్గాన్ కీ అనే ప్రొఫెసర్ బృందం ఇదే సందర్భంలో నోరాడ్రెనలిన్‌ను ఫినైలెఫ్రిన్‌తో పోల్చి చూసింది. బీపీ రెండింటితోనూ నిలబడింది, నోరాడ్రెనలిన్‌తో గుండె వేగం అంతగా తగ్గలేదు. నోరాడ్రెనలిన్ అంటే మా లెక్కలో ఐసీయూ మందు. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకి షాక్‌లోకి వెళ్లిన పేషెంటుకు మెడలో లైను వేసి ఇచ్చేది. దాన్ని బాగా పలచన చేసి ఒక తల్లికి చేతి సూది నుంచి ఇవ్వొచ్చంటే నాకు నమ్మకం కుదర్లేదు. అదే మాట మా గైడ్‌తో అంటే, "నీకు నమ్మకం కుదరనిదే నీ థీసిస్ టాపిక్" అన్నారు మేడమ్.

థీసిస్ అనగానే పీజీల్లో ఒక మాట ఉంది, ఎలాగోలా అయిపోతే చాలని. చేరిన ఆరు నెలల్లో సినాప్సిస్, అంటే ఏం చేస్తామో చెప్పే ప్రణాళిక, ఇవ్వాలి, ఫైనల్ పరీక్షకు ఆరు నెలల ముందు బైండింగ్ చేయించి సమర్పించాలి. మధ్యలో డ్యూటీలు, నైట్లు, ఐసీయూ పోస్టింగ్. నేనూ మొదట అదే మనసుతో మొదలుపెట్టాను. ఒక్కో గ్రూపులో ముప్ఫై మంది అని రాసుకుని కమ్యూనిటీ మెడిసిన్‌లో స్టాటిస్టిక్స్ చూసే సార్ దగ్గరికి వెళ్లాను. ముప్ఫై ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. సీనియర్లు అంతే తీసుకున్నారని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "రెండు మందుల మధ్య ఎంత తేడా కనిపిస్తే రేపటి నుంచి నువ్వు మందు మారుస్తావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నిమిషానికి రెండు కొట్టుకోవడాల తేడా అయితే మారుస్తానా? పదిహేను అయితే? ఆ తేడా తేలితేనే ఎంతమంది కావాలో లెక్క వస్తుంది. లేని తేడా ఉన్నట్టు పొరబడే అవకాశం నూటికి 5, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం నూటికి 80 అని పెట్టుకుని, మధ్యలో మానేసేవాళ్ల కోసం ఇంకొందరిని కలిపి లెక్క కట్టారు. ఒక్కో గ్రూపుకు నలభై దాటింది. అవసరానికి తక్కువమందితో చేస్తే ఏమీ తేలదు, వాళ్లందరినీ ఊరికే ఇబ్బంది పెట్టినట్టవుతుందని ఆయన అన్న మాట నాకు బాగా పట్టింది.

తర్వాత ఎథిక్స్ కమిటీ, మనుషుల మీద చేసే అధ్యయనాలకు అనుమతి ఇచ్చేది. పొడవాటి బల్లకు అటు డాక్టర్లు, ఒక లాయరు, ఆస్పత్రితో సంబంధం లేని మామూలు మనిషిగా ఒక రిటైర్డ్ మాస్టారు. డాక్టర్లు అడిగేవాటికి నేను సిద్ధమై వెళ్లాను. డోసులు, పల్స్ మరీ పడిపోతే లేపే అట్రోపిన్ ఎప్పుడు ఇస్తాను, అత్యవసరమైతే ఏ మందో ఎలా తెలుసుకుంటారు, ఇవన్నీ గడగడా చెప్పాను. మాస్టారు మాత్రం నా తెలుగు అంగీకార పత్రం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. అందులో ఒక వాక్యం పైకి చదివారు: "ఈ అధ్యయనము నందు మీరు యాదృచ్ఛికముగా రెండు సమూహములలో ఒకదానికి కేటాయించబడుదురు." చదివి, "అమ్మా, ఇది మీ అమ్మగారికి చదివి వినిపించారా?" అన్నారు. లేదన్నాను. "నాకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. ఇది అర్థమైందని రేపు ఆ తల్లి సంతకం పెడితే అది అబద్ధం కాదా?" మిగతా అన్నింటికీ అనుమతి వచ్చింది. ఆ రెండు పేజీలు మళ్లీ రాసుకురమ్మన్నారు.

ఆ రాత్రి డ్యూటీలో ఓటీ (ఆపరేషన్ థియేటర్) బయట బెంచీ మీద మా ఆయా పక్కన కూర్చుని ఒక్కో వాక్యం చదివాను. రక్తపోటు అంటే ఆవిడకు ఒక క్షణం పట్టింది, బీపీ అంటే వెంటనే తెలిసింది. "శస్త్రచికిత్స"కు తల ఊపింది గానీ, తనెప్పుడూ ఆ మాట అననని చెప్పింది, పెద్దాపరేషన్ అంటే చాలట. యాదృచ్ఛికం దగ్గర ఆగిపోయాం. నేను చేతులు తిప్పుతూ వివరిస్తుంటే, "చీటీ వేసి తీస్తారన్నమాట" అంది. అంతే! మళ్లీ తనే, "ఉత్త చీటీ అంటే నెల నెలా కట్టే చీటీ అనుకుంటారేమో, కవర్లో చీటీ అని రాయండి" అంది. చివరికి కాగితం ఇలా తయారైంది: "వెన్నులో మత్తు ఇచ్చాక మీ బీపీ పడిపోవచ్చు. దాన్ని పెంచడానికి రెండు మందులున్నాయి. రెండూ ఇప్పటికే వాడుతున్నవే. వీటిలో ఏది మేలో మాకు ఇంకా పూర్తిగా తెలీదు. తెలుసుకోవడానికే ఇది చేస్తున్నాం. మీకు ఏ మందు ఇవ్వాలో మేం ఎంచుకోం. కవర్లో ఏ చీటీ ఉంటే ఆ మందు. మీరు వద్దంటే మామూలుగా ఇచ్చే వైద్యమే ఇస్తాం. మధ్యలో వద్దన్నా సరే, ఎవరూ ఏమీ అనరు."

ఇందులో నాకు రాయడానికి కష్టమైన ముక్క "మాకు తెలీదు" అన్నది. పేషెంటు ముందు ఆ మాట అనకూడదని మనకు ఎవరూ పాఠం చెప్పరు గానీ అందరం నేర్చేసుకుంటాం. ఐసీయూ పోస్టింగ్‌లో నేను చదివిన ఒక అధ్యయనం ఈ విషయంలో నా మనసు మార్చింది. ఐసీయూ పేషెంట్లకు ఇన్సులిన్‌తో షుగర్‌ను గట్టిగా, దాదాపు మామూలు మనిషికి ఉన్నంతలో పట్టి ఉంచితే ప్రాణాలు నిలుస్తాయని 2001 తర్వాత చాలామంది నమ్మారు. వినడానికి సబబుగానే ఉంటుంది. 2009లో నైస్ షుగర్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఆరు వేల మందికి పైగా పేషెంట్లు. షుగర్‌ను 81 నుంచి 108 మధ్య ఉంచినవాళ్లలో తొంభై రోజుల్లోపు చనిపోయినవాళ్లు 27.5 శాతం, 180కి మించకుండా చూసినవాళ్లలో 24.9 శాతం. మంచిదనుకుని చేసిన పనే ఎక్కువమందిని తీసుకుపోయింది. ఆ ట్రయల్ జరగకపోతే మంచి మనసుతోనే అలా చేస్తూ ఉండేవాళ్లం.

కమిటీ అనుమతి చేతికొచ్చాక సీటీఆర్ఐ నమోదు. మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ చిట్టా అది, 2007లో మొదలైంది. ఫీజు ఏమీ లేదు. 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంటును చేర్చకముందే నమోదు అయి తీరాలి. నాకు రెండుసార్లు ప్రశ్నలు వెనక్కి వచ్చాయి, వారాలు గడిచాయి, విసుగొచ్చింది. అయినా దాని అవసరం నాకు అర్థమైంది. దేన్ని కొలుస్తానో ముందే అందరికీ కనిపించేలా రాసి పెట్టేశాను కాబట్టి, తర్వాత ఫలితం నచ్చలేదని గోల్‌పోస్టు జరపడానికి లేదు.

చీటీలు కంప్యూటర్ ఇచ్చిన వరసలో రాసి, వెలుతురుకు పట్టినా లోపలిది కనిపించని మందపాటి కవర్లలో పెట్టి, అంటించి, పైన నంబర్లు వేసింది మా డిపార్ట్‌మెంట్‌లోనే నా థీసిస్‌తో సంబంధం లేని ఒక జూనియర్. ఆపరేషన్ రోజు కవరు విప్పేది తనే. పక్క గదిలో పది మిల్లీల సిరంజిలో మందు కలిపి తెచ్చేది. ఫినైలెఫ్రిన్ అయితే మిల్లీకి వంద మైక్రోగ్రాములు, నోరాడ్రెనలిన్ అయితే ఎనిమిది. రెండూ నీళ్లలాగే ఉంటాయి. సిరంజి మీద పేషెంటు నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. ఇచ్చే నాకు తెలీదు, పుచ్చుకునే ఆమెకు తెలీదు. అయినా ఒక్కోసారి సిరంజి నుంచి ఒక మిల్లీ ఇవ్వగానే పల్స్ గబగబా దిగిపోతే ఏ మందో నా మనసు ఊహించేసుకునేది. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. అందుకే బీపీ ఎంతకు తగ్గితే మందు, పల్స్ ఎంతకు పడితే అట్రోపిన్ అన్నవి ముందే కాగితం మీద రాసుకుని, నా ఊహకు పని లేకుండా చేసుకున్నాను.

మన ఊహను ఇలా దూరంగా ఉంచాల్సిన అవసరం ఎంతో మన హైదరాబాదే చెబుతుంది. 1888లోనూ మళ్లీ 1889లోనూ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో క్లోరోఫామ్ అనే మత్తుమందు మీద క్లోరోఫామ్ కమిషన్ జరిగింది. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించారు, నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు, రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ వచ్చారు. క్లోరోఫామ్‌తో చనిపోయేవాళ్లు ఊపిరి ఆగి పోతారా, గుండె ఆగి పోతారా అన్నది ప్రశ్న. నాడి అక్కర్లేదు, ఊపిరి చూసుకుంటే చాలని లారీ తన గురువు దగ్గర నేర్చుకున్నారు, అదే గట్టిగా నమ్మారు. వందల జంతువుల మీద పరీక్షించి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. 1911లో లెవీ అనే ఆయన తేలిక మత్తులోనే గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోవచ్చని చూపించే వరకూ ఆ వాదన సాగుతూనే ఉంది. అంత శ్రమ, అంత డబ్బు, అంత నిజాయితీ! కానీ జవాబు ముందే మనసులో ఉండిపోయింది. ఆ రోజుల్లోనే అక్కడ క్లోరోఫామ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్తారు. ఓటీలో పేషెంటు తల దగ్గర స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆవిడ నాకు చాలాసార్లు గుర్తొచ్చారు.

ఇక వార్డు. మర్నాడు ఆపరేషన్ ఉన్నవాళ్ల దగ్గరికి ముందు రోజు సాయంత్రం వెళ్లేదాన్ని. నొప్పుల్లో ఉన్నవాళ్లను అడగకూడదని ముందే రాసుకున్నాం, నొప్పుల్లో ఎవరైనా దేనికైనా సరే అంటారు. మూడో రోజో నాలుగో రోజో, గోడ వైపు మంచం మీద ఒకమ్మాయి, రెండో కాన్పు. పక్కన అత్తగారు స్టీలు క్యారియర్ సర్దుతున్నారు. నేను కాగితం తీయగానే ఆవిడ, "మా పిల్ల మీద ప్రయోగాలు చేస్తారా డాక్టరమ్మా?" అన్నారు. గొంతు పెద్దది, చుట్టుపక్కల మంచాల వాళ్లంతా ఇటు తిరిగారు.

పక్కన కూర్చుని చెప్పాను. మొత్తం విన్నారు.

"అయితే ఏది మంచిదో మీకే తెలీదా?"

"తెలీదు పెద్దమ్మా. రెండూ బీపీ పెంచుతాయి. గుండె మీద ఏది తేలిగ్గా ఉంటుందో తెలీదు."

"రెండూ వాడే మందులేనా?"

"వాడేవే."

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ చీటీ మా పిల్లే తీయొచ్చా?" అన్నారు. దాని చేత్తో తీస్తే మంచి జరుగుతుందట. ఆ ప్రశ్నకు నేను తయారుగా లేను. కవర్లకు వరస నంబర్లుంటాయని, ఎవరి వరసకు వచ్చిన కవరు వాళ్లదేనని, ఎవరు ఏరుకున్నా, నేను ఏరుకున్నా సరే, అది ఇక చీటీ కాకుండా పోతుందని చెప్పాను. రేషన్ లైను సంగతి తెలిసిన మనిషికి అది వెంటనే అర్థమైంది. "సరే, కానీ ఏ మందు పడిందో తర్వాత చెప్పాలి" అన్నారు. అందరివీ అయ్యాక చెప్తానన్నాను. చదువు రాని వాళ్ల తరఫున సాక్షి సంతకం కోసం పక్క మంచం వాళ్ల అబ్బాయిని కూడా పిలిచాను గానీ అవసరం పడలేదు. ఆ అమ్మాయి పెన్ను తీసుకుని తన పేరు తనే రాసింది. ఒక్కో అక్షరం విడివిడిగా, తలకట్టు మర్చిపోయి మళ్లీ వెనక్కి వచ్చి పెట్టింది. అత్తగారు ఆ పేరు వైపు చాలాసేపు చూశారు. నేను ఫోన్ నంబరు ఫారం మీద రాసుకున్నాను.

నాకు భయం వేసింది ఇలా అడిగేవాళ్లతో కాదు, "మీ ఇష్టం మేడమ్" అనేవాళ్లతో. గవర్నమెంటు ఆస్పత్రిలో తెల్లకోటు ఏ కాగితం చూపిస్తే దాని మీద వేలిముద్ర వేసే మనుషులు వాళ్లు. అందుకని ఒక అలవాటు పెట్టుకున్నాను. చెప్పడం అయ్యాక, నేనేం చెప్పానో మీ మాటల్లో చెప్పండి అనేదాన్ని. అలా అడిగితే ఒకామె, "సంతకం పెట్టకపోతే రేపు ఆపరేషన్ చెయ్యరని" అంది. అరగంట సేపు నేను చెప్పిందంతా ఆమె చెవిలో పడింది అలా! చేస్తామని, తప్పకుండా చేస్తామని మళ్లీ చెప్పాను. అయితే వద్దండీ అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇంకొకామె టేబుల్ మీద, వెన్నులో సూది వేయడానికి కూర్చోబెట్టాక, "ఆ చీటీ మందు నాకు వద్దు మేడమ్" అంది. అని, నేను తిడతానేమోనని భుజం మీంచి వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. సరేనమ్మా, వద్దులే అన్నాను. కలిపి తెచ్చిన సిరంజి పక్కన పారేసి, అక్కడ ఎప్పుడూ ఇచ్చే మందే ఇచ్చాను. ఇలా అయితే నీ థీసిస్ మూడేళ్లకైనా తెమలదని సీనియర్ ఒకాయన అన్నారు. తెమిలింది, ఆలస్యంగా.

ఆయనే ఇంకో రాత్రి. బీపీ నిమిషానికోసారి రాసుకోవాలి. ఒక తల్లికి మత్తు ఇచ్చాక వణుకు పట్టుకుంది, చెయ్యి ఊగిపోతోంది. చేతికి చుట్టిన బీపీ కఫ్ ఉబ్బుతుంది, దిగుతుంది, మానిటర్ మీద అంకె బదులు గీతలు. మూడో నిమిషం గీతలు, నాలుగో నిమిషం గీతలు, ఐదో నిమిషానికి అంకె వచ్చింది. బిడ్డ బాగానే పుట్టింది, తల్లి బాగానే ఉంది. కేసయ్యాక షీటు మీద రెండు ఖాళీ గళ్లు మిగిలాయి. సీనియర్ వంగి చూసి, "రెండో నిమిషం 112, ఐదు 104. మధ్యలో 109, 107 రాసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎన్నో రాత్రులు నా కేసులు కూడా తనే చూసినవాడు, ఆ రోజు ఇద్దరం ఇరవై గంటలుగా నిలబడి ఉన్నాం. నా పెన్ను ఆ గడి మీదే ఉంది. నిజంగానే ఎవరికీ తెలిసేది కాదు.

మా బ్రాంచిలో ఫుజీ పేరు తెలియనివాళ్లుండరు. జపాన్ ఎనస్థీషియా డాక్టర్, ఆపరేషన్ తర్వాత వాంతులు తగ్గించే మందుల మీద పేపర్ల మీద పేపర్లు రాశాడు. అంకెలు మరీ ముచ్చటగా ఉన్నాయని 2000లోనే కొందరు డాక్టర్లు జర్నల్‌కు ఉత్తరం రాశారు. 2012లో ఇంగ్లండ్ నుంచి జాన్ కార్లైల్ అనే డాక్టర్ ఆ పేపర్లన్నింటి అంకెలూ ముందేసుకుని, నిజమైన పేషెంట్ల కొలతలు ఇంత నున్నగా రావని లెక్కతో చూపించారు. అదే ఏడాది జపాన్ ఎనస్థీషియా డాక్టర్ల సొసైటీ విచారణలో 172 పేపర్లలో డేటా కల్పితమని తేలింది. వాటిని నమ్మి ఎందరు డాక్టర్లు ఎందరికి ఆ మందులు రాసి ఉంటారు! ఫుజీ కూడా ఎక్కడో ఒకచోట, ఒక గడితోనే మొదలుపెట్టి ఉంటాడని ఆ రాత్రి అనిపించింది. రెండు గళ్లలోనూ అడ్డగీత గీసి, పక్కన "వణుకు వల్ల రీడింగ్ రాలేదు" అని రాసి, టైం వేసి సంతకం పెట్టాను. సీనియర్ ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత తన పేషెంటు చార్టులో తప్పిన ఒక రీడింగ్ దగ్గర ఆయనా అలాగే రాయడం చూశాను.

ఆఖరి పేషెంటు అయ్యాక, డేటా అంతా ఎక్కించి ఇక మార్చడానికి వీల్లేకుండా లాక్ చేశాక, స్టాటిస్టిక్స్ సార్ గదిలో చీటీల జాబితా విప్పాం. బీపీని నిలబెట్టడంలో రెండు మందుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పల్స్ బాగా పడిపోవడం, అట్రోపిన్ అవసరం రావడం నోరాడ్రెనలిన్ ఇచ్చినవాళ్లలో తక్కువ. పిల్లలందరూ రెండు గ్రూపుల్లోనూ ఒకేలా ఏడ్చారు, ఒకేలా ఎర్రబడ్డారు. ఇతరులు ముందే చూసినదాన్ని మా ఆస్పత్రిలో, మా తల్లుల్లో చూశాం, అంతే. బీపీ జబ్బు ఉన్న గర్భిణులను, అర్జెంటుగా ఆపరేషన్‌కు వచ్చినవాళ్లను నేను చేర్చుకోలేదు కాబట్టి వాళ్ల గురించి ఇది ఏమీ చెప్పదు. అదే రాశాను.

జాబితాలో గోడ పక్క మంచం అమ్మాయి నంబరు వెతికాను. నోరాడ్రెనలిన్. మాట ఇచ్చి ఏడాది దాటింది. ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. అత్తగారే ఎత్తారు. ఎవరో చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "ఆ, చీటీ డాక్టరమ్మ!" అన్నారు. వెనక పిల్లాడు దేన్నో కొడుతున్న చప్పుడు. ఏ మందు పడిందో చెప్పాను, అందరిలోనూ కలిపి చూస్తే ఏం తేలిందో చెప్పాను. ఊ కొడుతూ విన్నారు.

"అయితే మా పిల్లకు పడింది మంచిదే."

"రెండూ బీపీకి బాగానే పనిచేశాయి పెద్దమ్మా. పల్స్ తక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం ఇది మేలనిపిస్తోంది."

"మా రెండో కోడలికి వచ్చే నెల డేటిచ్చారు. దానికీ పెద్దాపరేషనే అంటున్నారు. మళ్లీ చీటీయేనా?"

"లేదు, చీటీలు అయిపోయాయి. అప్పటికి తన పల్స్ ఎంత ఉందో చూసి ఇస్తాం."

"మీరుంటారా?"

ఆ నెల నా పోస్టింగ్ ఐసీయూలో. అయినా ఏ రోజని అడిగి, తేదీ రాసుకున్నాను.